మూడుసార్లు విన్నాక

తరమణిలో ఆరో అంతస్తు.
వాళ్ళ సాయంత్రం ఆరు గంటల వార్తలు
మాకు తెల్లవారుజాము మూడున్నర.
చెవులకి నల్ల దొప్పలు తగిలించుకుని
అమెరికా మాటల కింద అక్షరాలు తొడుగుతాం.
యంత్రం ముందే రాసిపెడుతుంది.
అది తప్పు విన్నచోట మేం వింటాం.

మూడేళ్ళలో కొంత తెలిసింది.
తెల్లవాడు కాల్చితే
కాలేజీ టోపీ పెట్టుకున్న ఫోటో వస్తుంది.
పొరుగింటామె వచ్చి, మా గడ్డి కూడా కోసిపెట్టేవాడండీ అంటుంది.
ఒంటరివాడట, అని యాంకరు గొంతు ఒక మెట్టు దిగుతుంది.
నల్లవాడు చచ్చినా సరే
పోలీసులు గోడకి నిలబెట్టి తీసిందే.
కింద వరుసలో పాత కేసు,
పద్నాలుగో ఏట, ఒక సైకిలుదో, ఒక చొక్కాదో.
ఈ తేడాకి మా రూల్ పుస్తకంలో గుర్తు లేదు.
దగ్గుకి ఉంది. కుక్క అరుపుకి ఉంది.
తలుపు ధడేలుమంటే దానికీ ఉంది.

నిన్న రాత్రి ఒహాయోలో ఏదో ఊరు.
టెరెల్ హాలీ, ఇరవై రెండు, టైర్ల షాపులో పని.
దొంగ కారని ఆపారు.
కారు వాడిదే.
ఆ సంగతి నలభయ్యో సెకనులో చెప్పారు,
అప్పటికి సగం మంది ఛానెల్ మార్చే ఉంటారు.
వాళ్ళమ్మ మైకుల మధ్య ఏదో అంటోంది.
పైన హెలికాప్టరు.
యంత్రం రాసింది: వినబడలేదు.

మూడుసార్లు విని తెలియకపోతే అదే ఉంచాలి.
నాలుగోసారి విన్నాను.
తొమ్మిదోసారి.
పక్క సీటు యాళిని గడియారం వైపు గడ్డం ఎత్తింది.
పదకొండోసారి తేలింది మాట,
ఆ ఫోటో వద్దయ్యా,
క్షవరం చేయించుకున్నాక తీసింది ఇంట్లో ఉంది,
ఆగండి, తెస్తాను.

ఎవరూ ఆగలా.
తర్వాత వాతావరణం. వాన పడొచ్చట.

మా ముత్తాత మానుపాటి చెంచయ్యకి ఫోటోనే లేదు.
కావలి పక్కన కప్పరాళ్ళతిప్పలో
స్టేషన్ పుస్తకంలో వేలిముద్ర ఉండేది.
రాత్రిపూట పేరు పిలిస్తే పలకాలి,
జ్వరమొచ్చినా, పెళ్ళయిన రాత్రయినా.
చట్టం పోయిన పదేళ్ళకి కూడా
నిద్రలో ఉలిక్కిపడి లేచి
ఉన్నా దొరా, అనేవాడని నాయనమ్మ చెప్పేది.
యాడ మేక పోయినా మా గుడిసెకే వచ్చేవాళ్ళంట.
మేక తిరిగొచ్చిన కబురు మాత్రం
ఎవరూ తెచ్చేవాళ్ళు కారంట.
ఎరుకలోళ్ళు అన్న మాట ముందు,
పేరు తర్వాత,
అదీ అవసరమైతేనే.

ఏడింటికి కిందికి దిగాను.
చిత్తడి నేల మీంచి చెత్తకుప్ప వాసన మోసుకొస్తోంది గాలి.
స్టేషన్ మెట్ల దగ్గర టీ కొట్టుకి
తమిళ పేపరు పోస్టరు వేలాడుతోంది,
అరచేతంత అక్షరాలు.
కూడబలుక్కుని చదివాను:
వేళచ్చేరిలో ఆంధ్రా దొంగల ముఠా.
ముఠా అంటే ఎందరో,
పట్టుకున్నారో, అనుమానమో,
లోపలి పేజీలో ఉంటుంది. నేను కొనలా.
టీ మాస్టరు గ్లాసు అందిస్తూ
ఊరికే, నిజంగా ఊరికే,
ఎంద ఊరుమా, అన్నాడు.

హెలికాప్టరు కిందనుంచి
ఒక తల్లి మాటని పైకి లాగినదాన్ని.
ఇక్కడే, పెరుంగుడి, అన్నాను.
తమిళంలో.
యాస దాచి.

గ్లాసు పెట్టేసరికి ఫోన్ మోగింది. డెల్ఫిన్ మేడమ్.
ఒక్క వాక్యానికి పదకొండుసార్లా?
కారణం రాసి పంపు.
రైలు వచ్చింది, తలుపుల్లో జనం,
వెళ్ళిపోయింది.
బెంచీ మీద కూర్చుని
కారణం అన్న గడిలో చాలాసేపు ఏమీ కొట్టలేదు.
తర్వాత కొట్టాను:
ఆమె ఆగమన్నది.